కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్ ఒకనాటి వైభవం నిజమేనా? ముప్పై ఏళ్లు పీడీగా (ఫిజికల్ డైరెక్టరుగా) చేసినవాడి జవాబు

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్తాను, తేడా ఉంటే దిద్దండి. మీ నాన్నగారు 1979 నుంచి 82 దాకా పశ్చిమ గోదావరిలో ఒక డిగ్రీ కాలేజీలో చదివారు. ఆయన ఆడలేదు, ఆట చూసేవారు. ఇప్పటికీ ప్రతి సంక్రాంతికీ పాత స్నేహితులతో అరుగు మీద కూర్చుంటే అదే టీమ్, అదే యూనివర్సిటీ కప్పు ఫైనల్. ఊరంతా మ్యాచ్‌కి కదిలొచ్చేదట. ఆఖరి సెకనులో తమ 7వ నంబరు కుర్రాడు సగం కోర్టు నుంచి మూడు పాయింట్ల బాస్కెట్ వేసి గెలిపించాడట. సొంత కోర్టులో ఆ టీమ్‌ని ఓడించినవాళ్లే లేరట. మొన్న మీరు ఆ కాలేజీకి వెళ్తే కోర్టు నిండా బైకులున్నాయి, ఒక పక్క రింగే లేదు. వాళ్లు చెప్పుకునేదాంట్లో ఎంత నిజం, నిజమైతే అంత టీమ్ ఎలా మాయమైంది అన్నది మీ ప్రశ్న.

గెలుపు నిజమే అయ్యుంటుంది. జనం నిజం. మూడు పాయింట్లు మాత్రం కాదు. ఇక టీమ్ ఎందుకు పోయిందంటే, క్రికెట్ వల్ల కాదు, టీవీ వల్ల కాదు, సెల్‌ఫోన్ అయితే అసలు కాదు. ఒక కుర్రాడు ఒకే కోర్టు మీద అయిదేళ్లు పెరిగే ఏర్పాటు మనకి ఒకప్పుడు ఉండేది. అది పోయింది, దాంతోపాటు టీమూ పోయింది.

నేనెవరో చెప్పకపోతే ఈ మాటలకి బరువుండదు. 1978 నుంచి 81 దాకా డెల్టాలోనే ఒక కాలేజీ టీమ్‌లో గార్డుగా, అంటే బంతి నడిపించి అందించేవాడిగా ఆడాను. తరవాత బీపీఈడీ (వ్యాయామ విద్యలో డిగ్రీ) చేసి, గోదావరి అవతల, కోనసీమలో మరో కాలేజీలో ముప్పై ఏళ్లకి పైగా ఫిజికల్ డైరెక్టరుగా పనిచేశాను. మీ నాన్నగారిలాంటి అభిమానులు కోర్టు చుట్టూ నిలబడి అరిస్తే లోపల పరుగెత్తినవాణ్ణి నేను. ఆ తరవాత అలాంటి టీమ్ ఒకటి నా చేతుల మీదుగా తయారవడమూ చూశాను, నా కళ్ల ముందే కరిగిపోవడమూ చూశాను. కాలేజీల పేర్లు, మనుషుల పేర్లు రాయను.

ముందు ఆ మూడు పాయింట్ల సంగతి. అంతర్జాతీయ సమాఖ్య ఫిబా మూడు పాయింట్ల గీతను నిబంధనల్లో చేర్చింది 1984లో. అంతకు ముందు మీరు రింగు కింద నుంచి వేసినా, గ్రౌండు గేటు దగ్గర నుంచి వేసినా రెండే పాయింట్లు. మా కోనసీమ కాలేజీ కోర్టు మీద ఆ గీత మొదటిసారి గీయించింది నేనే. రింగుకి సరిగ్గా కింద నేలలో మేకు దిగ్గొట్టి, దానికి ఆరుంపావు మీటర్ల పురికొస కట్టి, అటెండరు ఒక కొస పట్టుకుంటే నేను సున్నం పోసుకుంటూ వెళ్లాను. చుట్టూ కుర్రాళ్లు నిలబడి, ఇదేం గీతని వింతగా చూశారు. (2010లో దాన్ని ఆరుముప్పావుకి జరిపారు. అప్పటికి మా కోర్టులో గీతలు గీసే అవసరమే తగ్గిపోయింది.) కాబట్టి 1979–82 మధ్య మీ నాన్నగారు మూడు పాయింట్ల బాస్కెట్ చూసే వీల్లేదు.

అంతమాత్రాన ఆయన అబద్ధం చెప్తున్నారని అనుకోకండి. ఇది నాకు బాగా తెలిసిన విషయం, ఎందుకంటే అచ్చం ఇలాంటిదే మా ఇంట్లోనూ జరిగింది. మా రెండో ఏడాది ఫైనల్లో ఒక్క పాయింటు తేడాతో గెలిచాం. చివరి బంతి అందించింది నేను, వేసింది మా ఫార్వర్డు. ఫౌల్ అయినప్పుడు నిలబడి బంతి వేసే ఫ్రీ త్రో గీతకి ఓ రెండడుగులు వెనక నుంచి, కుడి పక్కన నిలబడి వేశాడు. పదేళ్ల తరవాత మా ఊళ్లో అది ‘చాలా దూరం నుంచి’ అయింది. ఇరవై ఏళ్లకి సగం కోర్టు అయింది. మొన్నామధ్య వాళ్ల మనవడి బారసాలలో కలిసినప్పుడు మావాడే నాతో, ‘నువ్వు సగం గీత దగ్గర ఇచ్చావు కదరా’ అన్నాడు. సగం కోర్టు అంటే పదమూడు, పధ్నాలుగు మీటర్లు. వాడు అబద్ధం ఆడే మనిషి కాదు. నలభై ఏళ్లుగా తన షాటు గురించి ఊళ్లోవాళ్ల నోట విని విని, తను వేసిందాన్ని కూడా వాళ్ల కళ్లతోనే చూస్తున్నాడు. ఆ తరవాత మూడు పాయింట్ల ఆట టీవీలో చూసిన అభిమానులకి, అంత దూరం నుంచి పడ్డ బంతికి రెండే పాయింట్లంటే మనసొప్పదు. ఇంకోటి కలుపుతారు. వాళ్లు ఇచ్చే మూడో పాయింటు ఆ రోజు వాళ్లకి కలిగిన సంతోషానికి.

7వ నంబరు మాత్రం గట్టి సాక్ష్యం. 2014లో నిబంధన మార్చేదాకా ఫిబా పోటీల్లో జెర్సీ నంబర్లు 4 నుంచి 15 దాకానే. ఒకటి, రెండు, మూడు వేళ్లు రిఫరీ పాయింట్లకీ, మూడు సెకన్ల ఉల్లంఘనకీ (ఎదుటివాళ్ల రింగు కింద మూడు సెకన్లకి మించి నిలబడే తప్పుకి) చూపిస్తాడు కాబట్టి ఆ నంబర్లు ఆటగాళ్లకి ఇచ్చేవారు కాదు. మన కాలేజీలూ ఆ పద్ధతే పాటించేవి. ఎవరైనా ‘మా 23వ నంబరు’ అని 80ల నాటి కథ చెప్తే నేను వెంటనే అనుమానిస్తాను. ‘7’ అంటే నమ్ముతాను.

‘ఆఖరి సెకను’ గురించి ఒక మాట. అప్పట్లో ఆట ఇరవై నిమిషాల చొప్పున రెండు సగాలు. ఇప్పటిలా పది నిమిషాల నాలుగు క్వార్టర్లు 2000లో వచ్చాయి. మన కోర్టుల్లో గోడ గడియారం కానీ, అంకెలు మారే బోర్డు కానీ లేవు. బల్ల దగ్గర ఒకాయన స్టాప్‌వాచీ పట్టుకుని కూర్చునేవాడు, టైమైతే పక్కన వేలాడదీసిన రైలు పట్టా ముక్క మీద సుత్తితో కొట్టేవాడు. ఎంత సమయం మిగిలిందో ఆడేవాళ్లకీ తెలీదు, చూసేవాళ్లకీ తెలీదు. అందుకని చివరి రెండు నిమిషాల్లో పడ్డ ప్రతి బాస్కెట్టూ ఆఖరి సెకనుదే. ఆ టంగుమనే మోత కోసం చెవులు రిక్కించి ఆడటం ఎలా ఉంటుందో, ఈ రోజుల్లో వెనక్కి నడిచే అంకెలు చూసుకుంటూ ఆడే పిల్లలకి నేను ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాలేదు.

ఇక జనం. ‘ఊరు మొత్తం’ అన్నది ఎంత? నేను లెక్క వేశాను. కోర్టు చుట్టుకొలత సుమారు 86 మీటర్లు. మీటరుకి ఇద్దరు నిలబడితే, నాలుగు వరసలకి దాదాపు ఏడొందల మంది. పైన గోడ మీద, చెట్ల మీద, హాస్టల్ వరండాలో ఇంకో వంద. గోడల మధ్య ఎనిమిది వందల మంది ఒక్కసారి అరిస్తే, మధ్యలో ఉన్నవాడికి ఊరు మొత్తమే. మేం దాన్ని చర్మం మీద తెలుసుకున్నాం. ఔట్ గీత మీద మనుషుల కాళ్లుండేవి. బంతి బయటికెళ్తే తీసుకోవడానికి రిఫరీ జనాన్ని వెనక్కి నెట్టేవాడు.

వాళ్లెవరు? విద్యార్థులు సగమే. మిగతా సగం రైసు మిల్లు గుమాస్తాలు, టైలర్లు, రిక్షా తొక్కేవాళ్లు, బ్యాంకు ఉద్యోగులు, కరెంటాఫీసువాళ్లు. సాయంత్రం అయిదింటికి ఆట. టిక్కెట్టు లేదు. కాలేజీ గేటు తీసే ఉండేది. నేను చూసినవాళ్లందరిలోకీ ఆట ఎక్కువ తెలిసిన అభిమాని గేటు బయట గోళీ సోడా బండి ఆయన. బండి దగ్గర కొడుకుని నిలబెట్టి వచ్చేవాడు. నేను పీడీగా చేరిన కొత్తలో ఓ మ్యాచ్ సగంలో నా దగ్గరికి వచ్చి, ‘పీడీ గారూ, ఆ పొడుగాయనకి నాలుగు ఫౌళ్లయిపోయాయండి, కూర్చోబెట్టండి. అయిదోదైతే ఆటలోంచి బయటికే, మనం మునిగిపోతామండి’ అన్నాడు. బల్ల దగ్గరికి వెళ్లి చూస్తే నాలుగే. నేను గమనించలేదు. ఆయన బళ్లో చదివింది తక్కువ, కానీ ఏ కుర్రాడు ఎడమ చేత్తో లేఅప్ (పరుగెత్తుకెళ్లి రింగు దగ్గర వేసే షాటు) వేయలేడో, ఎవడు అలిసిపోతే చేతులు నడుం మీద పెట్టుకుంటాడో చెప్పగలడు. మీ నాన్నగారి బృందంలో అలాంటివారు ఒకరు ఉండే ఉంటారు. ముందు ఆయన్ని పట్టుకోండి.

‘యూనివర్సిటీ కప్పు’ అన్నప్పుడు ఏ సంవత్సరం అన్నది తప్పకుండా అడగండి. పేరు ఒకటే, బరువు వేరు. 1976కి ముందు కృష్ణా, గుంటూరు కాలేజీలు కూడా ఆంధ్రా యూనివర్సిటీ కిందే ఉండేవి. ఆ ఏడాది నాగార్జున యూనివర్సిటీ వచ్చాక అవి విడిపోయాయి. అప్పటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, రెండు గోదావరి జిల్లాలు మిగిలాయి. 2006లో రాజమండ్రిలో ఆదికవి నన్నయ యూనివర్సిటీ వచ్చాక మన డెల్టా కాలేజీలు క్రమంగా దాని కిందికి వెళ్లాయి. అంటే 1974లో కప్పు కొట్టిన టీమ్ విజయవాడని, గుంటూరుని, విశాఖని దాటాలి. మీ నాన్నగారి రోజుల్లో విశాఖని దాటాలి. ఇప్పుడు గోదావరి దాటితే చాలు. నేను ఇప్పటి పిల్లల్ని తక్కువ చెయ్యడం లేదు, వాళ్ల చేతిలో లేని విషయం ఇది. కానీ పాత అభిమాని ‘మా కప్పు వేరు’ అని గొంతు పెంచితే, ఆ మాట వెనక నిజముంది.

సొంత కోర్టులో ఓడకపోవడం గురించి చెప్పడానికి నాకు చాలా ఉంది, కొంచెం ఓపిక పట్టండి. మన నేల నల్ల బంకమట్టి. వానాకాలం బురద, వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలు. దాని మీద కోర్టు నిలబడాలంటే ప్రతి ఏటా సీజనుకి ముందు గ్రావెల్ పోసి, నీళ్లు కొట్టి, రోలరు లాగాలి. లాగేది ఎవరనుకున్నారు, మేమే. ఆటగాళ్లకి మొదటి నెల ప్రాక్టీసంటే రోలరు తాడే. అలా ఏటా ఒక పొర పోస్తూ పోతే కోర్టు ఎత్తు పెరుగుతుంది, స్తంభం మాత్రం పాతిన చోటే ఉంటుంది. రింగు నేల నుంచి 3.05 మీటర్లు, అంటే పది అడుగులు ఉండాలి. నేను కోనసీమలో చేరిన మొదటి వారం టేపు పెట్టి కొలిస్తే తొమ్మిది అడుగుల ఎనిమిది అంగుళాలు వచ్చింది. ఓ నాలుగంగుళాల గ్రావెల్ కింద పాత కోర్టు ఉందన్నమాట. ఆ రింగుకి అలవాటు పడ్డ చేతులు బయటికి వెళ్తే బంతి పొట్టిగా పడుతుంది. బయటివాళ్లు మన దగ్గరికి వస్తే బోర్డు దాటించేస్తారు. పైగా కోర్టులో ఎక్కడెక్కడ బంతి లేవకుండా చచ్చిపోతుందో మన కుర్రాళ్లకి తెలుసు. ఎదుటివాడి డ్రిబ్లింగుని నెమ్మదిగా అటు తోలేవారు. నేను ఆడే రోజుల్లో మా కోర్టులో ఉత్తరం మూల అలాంటి చోటొకటి ఉండేది. మోసం కాదు అది, మా నేల మాకు తెలియడం. విశాఖలో సిమెంటు కోర్టు మీద మొదటిసారి ఆడినప్పుడు బంతి నా ఛాతీ దాకా లేచేసరికి బెదిరిపోయాను. కాన్వాసు బూట్లలో అరికాళ్లు బొబ్బలెక్కాయి.

బంతి కూడా చెప్పాలి. తోలు బంతి ఉండేది. నిబంధన ప్రకారం 650 గ్రాములకి మించకూడదు, కానీ కార్తీకంలో మంచు పడ్డ కోర్టు మీద గంట ఆడితే అది నీళ్లు తాగి బరువెక్కేది. వల కోసం నరసాపురం వైపు చేపల వలలు అల్లే ఒకాయన దగ్గరికి వెళ్లేవాళ్లం. నైలాను తాడుతో అల్లి ఇచ్చేవాడు. కొనుక్కొచ్చిన వలకి ఒక ఏడాది, ఆయన అల్లిన వలకి మూడేళ్లు. బంతి దాంట్లోంచి దిగినప్పుడు వచ్చే చప్పుడు వేరుగా, కొంచెం బరువుగా ఉండేది. నేను కళ్లు మూసుకుని గుర్తుపట్టగలను.

బయటి మ్యాచ్‌లంటే ప్రయాణమే సగం ఆట. గోదావరి మీద చించినాడ వంతెన రాకముందు నరసాపురం రేవులో పంటు (నది దాటించే పడవ) ఎక్కి సఖినేటిపల్లి దిగి, అక్కణ్ణించి బస్సు. ఒకసారి మ్యాచ్ అదనపు సమయానికి వెళ్లడంతో చివరి పంటు తప్పిపోయి రాత్రంతా రేవులోనే ఉన్నాం. ఓడిపోయి వస్తున్నాం. తెల్లవారుజామున రేవులో టీ కొట్టాయన స్కోరు అడిగి, విని, పన్నెండు మందికీ డబ్బులు తీసుకోకుండా టీ ఇచ్చాడు. అవతలి ఒడ్డు వాడు, అంటే ఆ రోజు మమ్మల్ని ఓడించిన ఊళ్ల వైపువాడు.

ఇప్పుడు అసలు సంగతి, అయిదేళ్ల లెక్క.

అప్పట్లో చాలా డిగ్రీ కాలేజీల్లో ఇంటర్మీడియట్ కూడా అదే ఆవరణలో ఉండేది. పదో తరగతి అయిన పదిహేనేళ్ల కుర్రాడు ఇంటర్‌లో చేరతాడు. సాయంత్రం కోర్టు పక్కన నిలబడతాడు, బయటికెళ్లిన బంతి తెచ్చిస్తాడు. మొదటి ఏడాది అంతే. రెండో ఏడాది పెద్దవాళ్లు అలిసి కూర్చున్నప్పుడు పది నిమిషాలు ఆడతాడు. డిగ్రీ మొదటి ఏడాదికి బెంచీ మీద కూర్చుంటాడు. రెండో ఏడాది టీమ్‌లోకి వస్తాడు. మూడో ఏడాది టీమ్ వాడిది. మంచి ఆటగాడికి కావలసింది ఈ అయిదేళ్లు, అందులో మొదటి రెండేళ్లూ చూడటమే. కోర్టులో విద్యార్థులు ఒక్కళ్లే ఉండేవారు కాదు. బ్యాంకువాళ్లు, టీచర్లు, పాత ఆటగాళ్లు రోజూ సాయంత్రం దిగేవారు. పద్దెనిమిదేళ్లవాడు ముప్పై ఏళ్లవాడి మోచేతుల మధ్య రీబౌండు, అంటే రింగుకి తగిలి వెనక్కొచ్చే బంతి పట్టడం నేర్చుకునేవాడు. అదే వయసు ఎదుటి కాలేజీవాణ్ణి చూసి ఇక భయమేముంటుంది?

తరవాత ఏం జరిగిందో డెల్టాలో పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలుసు. 90ల నుంచి ఎంసెట్ కోసం ఇంటర్ పిల్లలు విజయవాడ వైపు, రెసిడెన్షియల్ కాలేజీలకి వెళ్లిపోయారు. పొద్దున్న అయిదు నుంచి రాత్రి పది దాకా చదువు, గ్రౌండు లేదు. మా లెక్కలో మొదటి రెండేళ్లు పోయాయి. ఆ తరవాత ఊరూరా ఇంజనీరింగ్ కాలేజీలు, 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాక మిగతా మూడేళ్లూ అటే. బీఏ, బీకాంలో చేరే పిల్లలు పద్దెనిమిదేళ్లకి మొదటిసారి బంతి పట్టుకుని నా దగ్గరికి వచ్చేవారు. పాపం వాళ్లలో ఎంతో మంచి శరీరాలున్నవాళ్లు ఉండేవారు. లేఅప్‌కి అడుగులు కుదరడానికే ఒక ఏడాది. అంతలో సీజను. వాడు ఆటగాడయ్యేసరికి మూడో ఏడాది పరీక్షలు. తల్లిదండ్రుల్ని నేను తప్పు పట్టను. ఆ చదువుల వల్లే ఎన్నో రైతు కుటుంబాలు నిలబడ్డాయి, నా పిల్లలూ అలాగే చదివారు. రెండూ ఒకే ఇంట్లో ఎందుకు ఇమడలేదన్నది మాత్రం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

క్రికెట్ చంపేసిందంటారు. 1983 తరవాత క్రికెట్ పిచ్చి పెరిగిన మాట నిజం. కానీ మా అత్యుత్తమ టీమ్ 80ల చివర్లో ఉంది, సగం మంది పొద్దున్న క్రికెట్ ఆడి సాయంత్రం నా దగ్గరికి వచ్చేవారు. ఒక ఆట ఇంకో ఆటని చంపదు. ఖాళీ సాయంత్రం లేకపోతేనే రెండూ చస్తాయి.

ప్రకృతి కూడా దెబ్బ తీసింది, కానీ దాన్నుంచి లేచాం. 1986 ఆగస్టు వరద తరవాత మా కోర్టు మీద అడుగు మందం ఒండ్రు ఉంది. హాస్టల్లో లంకల నుంచి వచ్చినవాళ్లు తలదాచుకున్నారు. వాళ్లు వెళ్లాక మా కుర్రాళ్లు ఆ ఒండ్రంతా ఎత్తిపోశారు. 1996 నవంబరు తుఫానుకి కొబ్బరిచెట్టు పడి బోర్డు ఒకటి ముక్కలైంది, స్తంభం వంగింది. కోనసీమలో ఇల్లు నష్టపోనివాడు లేని రోజులవి, రింగు గురించి మాట్లాడటానికే సిగ్గేసింది. అయినా రెండు నెలల్లో పడిన మానునే నిలబెట్టి, దానికి పలకలు కొట్టి ఆడారు. నీళ్లు, గాలి మా టీమ్‌ని ఆపలేకపోయాయి. నేను రిటైరయ్యాక నా పోస్టులో ఇంకెవర్నీ వెయ్యలేదు, ఆపింది అది. సాయంత్రం గేటు తాళం తీసేవాడు లేడు. బంతుల గది తాళం చెవి ఆఫీసు సొరుగులో ఉంది. తాళం పడ్డ గ్రౌండులోకి బైకులు రావడానికి ఎక్కువ కాలం పట్టదు.

అమ్మాయిల టీమ్ గురించి మీరు అడగలేదు. ఎవరూ అడగరు కాబట్టి నేనే చెప్తాను. మా కాలేజీ అమ్మాయిలు రెండేళ్లు వరసగా ఫైనల్ దాకా వెళ్లారు. నాలుగింటికి ప్రాక్టీసు మొదలుపెట్టి, ఆరింటి బస్సుకి పరుగెత్తేవారు. వాళ్లకి అయిదేళ్లు కాదు కదా, పూర్తి సాయంత్రం ఒక్కటి కూడా దొరకలేదు. వాళ్ల మ్యాచ్‌లకి రెండు వరసల జనం కూడా ఉండేవారు కాదు, సోడా బండి ఆయన మాత్రం వచ్చేవాడు. అందుకే వాళ్ల గురించి అరుగుల మీద కథలు లేవు. మీ నాన్నగారి కాలేజీలోనూ అమ్మాయిలు ఆడి ఉంటే, మీరు రాసేదాంట్లో వాళ్లనీ వెతకండి.

మీరు ఇవన్నీ రాసి పెట్టాలనుకుంటున్నానన్నారు. మా టీమ్ గురించి నేనూ ఆ పని చేశాను కాబట్టి కొన్ని సలహాలు.

అందర్నీ ఒకచోట కూర్చోబెట్టి అడక్కండి. నేను మొదట అదే తప్పు చేశాను. ఆరుగురు కూర్చుంటే పది నిమిషాల్లో ఒకే కథ తయారవుతుంది, అందులో గొంతు పెద్దదైనవాడి మాట నిలుస్తుంది. ఒక్కొక్కరి ఇంటికి విడివిడిగా వెళ్లండి. స్కోరు అడక్కండి, ఎవరికీ గుర్తుండదు. ఎక్కడ నిలబడి చూశారో అడగండి. పక్కన ఎవరున్నారు, మ్యాచ్ అయ్యాక ఎక్కడికి వెళ్లారు, ఇంటికెళ్తే తిట్లు పడ్డాయా, ఇవి అడగండి. నిలబడ్డ చోటు చెప్పినవాడికి ఆట కూడా గుర్తొస్తుంది. ఓడిన మ్యాచ్ గురించి తప్పకుండా అడగండి. గెలిచింది చెప్పి చెప్పి అరిగిపోయి ఉంటుంది. ఓడిన దాన్ని ఎవరూ తాకరు కాబట్టి అది ఉన్నది ఉన్నట్టుంటుంది.

కాగితాలు కూడా దొరుకుతాయి. కాలేజీ వార్షిక సంచికలో చివరి పేజీల్లో ఆటల నివేదిక ఉంటుంది. ప్రిన్సిపాల్ గది బీరువాలో కప్పుల మీద సంవత్సరం చెక్కి ఉంటుంది, చింతపండు పెట్టి తోమితే కనబడుతుంది. టీమ్ గ్రూపు ఫొటో కింద పేర్లు అచ్చు వేసేవారు. అన్నిటికన్నా నమ్మదగింది అవతలి టీమ్ వాడి జ్ఞాపకం. ఓడినవాడు కూడా ‘ఆ 7వ నంబరువాడు మమ్మల్ని ముంచాడండి’ అంటే ఇక సందేహం అక్కర్లేదు.

కోర్టుని మళ్లీ లేపాలని మీ నాన్నగారి స్నేహితులకి ఉంటే, టోర్నమెంటుతో మొదలుపెట్టొద్దని చెప్పండి. నాకు తెలిసిన ఒక ఊళ్లో పాత విద్యార్థులు సంక్రాంతికి చందాలేసుకుని కొత్త బోర్డులు పెట్టి, లైట్లు వేసి, పోటీలు పెట్టారు. రెండేళ్లు ఘనంగా జరిగింది. మూడో ఏడాది చందా తగ్గింది, నాలుగో ఏడాది లేదు. మిగతా మూడొందల అరవై రోజులూ ఆ కోర్టు తాళంలోనే ఉండేది. ఇంకో ఊళ్లో బ్యాంకులో చేసి రిటైరైన ఒక పాత ఆటగాడు రోజూ సాయంత్రం అయిదున్నరకి బంతి చంకలో పెట్టుకుని వెళ్లి కూర్చునేవాడు. మొదటి నెల ఆయనొక్కడే షాట్లు వేసుకున్నాడు. తరవాత ఇద్దరు హైస్కూలు పిల్లలు. నేను వెళ్లి చూసిన రోజు పద్నాలుగు మంది, అందులో అయిదుగురు ఆడపిల్లలు. ఎనిమిదో తరగతివాళ్లు. ఇంటర్‌కి బయటికి వెళ్లిపోతారని ఆయనకి తెలుసు, అందుకే హైస్కూలు నుంచి పట్టుకున్నాడు. ఎనిమిది, తొమ్మిది, పది. మూడేళ్లు. అయిదు కాదు, కానీ మూడు.

ఈ వారం మీరు చెయ్యగలిగిన పని ఒకటుంది. ఆ కాలేజీకి మళ్లీ వెళ్లేటప్పుడు టేపు తీసుకెళ్లండి, వీలైతే మీ నాన్నగారినీ తీసుకెళ్లండి. ఒక రింగు ఇంకా ఉందన్నారు కదా, దాని కింద బైకు పక్కకి జరిపించి నేల నుంచి రింగు దాకా కొలవండి. పది అడుగులకి ఎన్ని అంగుళాలు తక్కువైతే, ఏటా గ్రావెల్ పోసి రోలరు లాగిన చేతుల పని అంత మందాన అక్కడే ఉన్నట్టు. ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి. ఆయన ఎక్కడ నిలబడి చూసేవారో కూడా అడిగి రాయండి.